నిజాం కాలం నాటి "కోనసముద్రం ఉక్కు" తల్వార్ ఆన్‌లైన్‌లో 1,85,000కి అమ్ముతున్నారు. అసలుదేనా?

ఆర్మూర్_బిడ్డ:

అందరికీ నమస్తే. మాది ఆర్మూర్ దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వచ్చే నెల నాన్న షష్టిపూర్తి. నాన్న హైస్కూల్లో సోషల్ టీచర్. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు పర్షియా దాకా పోయి అక్కడ కత్తులుగా మారిందన్న పాఠం చెప్పడమంటే ఆయనకి ప్రాణం. అందుకే తమ్ముడూ నేనూ కలిసి ఆయనకొక పాత తల్వార్ కొనిద్దామనుకున్నాం.

పాత వస్తువులు అమ్మే ఒక సైట్‌లో ఒకటి కనిపించింది. ధర 1,85,000. అమ్మే ఆయన రాసింది ఇదీ: "250 ఏళ్ల నాటిది, నిజాం సైన్యంలో మా ముత్తాత వాడినది, అసలైన కోనసముద్రం డమాస్కస్ ఉక్కు, పిడి మీద బంగారు పని, సర్టిఫికెట్ ఇస్తాం."

ఫోటోల్లో కనిపిస్తున్నవి చెప్తాను. ఉక్కు మీద బూడిద, నలుపు రంగుల్లో అలలు అలలుగా చారలున్నాయి. పిడికి దగ్గర్లో ఒక చిన్న బంగారు గడి, అందులో ఉర్దూలాంటి రాత, కింద ۱۳۲۰ అని అంకెలు. పిడి మీద బంగారు పూలు, పైన గుండ్రటి బిళ్ల. ఒరకి ఆకుపచ్చ మఖ్‌మల్ గుడ్డ.

ఇంకో ఇద్దరు అడుగుతున్నారట, రేపు సాయంత్రంలోగా 40,000 అడ్వాన్స్ పంపితే మనకే ఉంచుతానంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. వదిలేస్తే చేజారిపోతుందేమో, పంపితే మోసపోతామేమో. తెలిసినవాళ్లు చెప్పండి.

ఉర్దూ_మాస్టారు:

ఫోటో పెద్దది చేసి చూశానమ్మా. గడిలో ఉన్నది పర్షియన్. "అమలె అసదుల్లా ఇస్ఫహానీ", అంటే ఇరాన్‌లోని ఇస్ఫహాన్ ఊరి కమ్మరి అసదుల్లా చేసిన పని. కింద ఉన్నది హిజ్రీ సంవత్సరం 1320. మన లెక్కలో అది 1902లో మొదలైంది.

250 ఏళ్లని ఆయనంటున్నాడు, కత్తి మీదేమో 120 ఏళ్ల పైచిలుకు తేదీ ఉంది. అసదుల్లా పేరేమో ఇరాన్ రాజు షా అబ్బాస్ కాలంతో ముడిపడినది. షా అబ్బాస్ ఏలింది 1588 నుంచి 1629 దాకా. అంటే ఒకే కత్తికి మూడు వయసులు. ఆ గడిలో ఏముందో అమ్మేవాడు ఎవరిచేతా చదివించుకోలేదని నాకనిపిస్తోంది. లిపి కూడా నేర్చినవాడి చేతిరాతలా లేదు, చూసి గీసినట్టుంది. "ఇస్ఫహానీ"లో చుక్కలు ఉండాల్సిన చోట లేవు.

పాతఇనుము:

అమ్మా, నేను పాత కత్తులకి తుప్పు ఆపడం, ఊడిన పిడి తిరిగి కూర్చడం లాంటి పని చేస్తాను. జుమ్మెరాత్ బజార్‌లో దొరికినవి, పాత గడీల అటకల మీంచి దిగినవి చాలా నా చేతుల మీదుగా వెళ్లాయి. నాన్నగారికి ఇచ్చే వస్తువంటున్నారు కాబట్టి వివరంగా రాస్తాను. అడ్వాన్స్ మాత్రం పంపకండి. ఇన్నేళ్లు ఇంట్లో ఉన్న కత్తిని రేపు సాయంత్రంలోగా వదిలించుకోవాల్సిన తొందర ఎవరికీ ఉండదు.

మాస్టారుగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అసదుల్లా పేరు ఒక్కటే చూసి కత్తిని దొంగదని కొట్టిపారేయకూడదు. ఆ పేరుకి ఎంత గిరాకీ ఉండేదంటే, ఆయన తర్వాత వందల ఏళ్లపాటు ఇరాన్‌లోనూ మన దగ్గరా ఎందరో కమ్మరులు తమ పని మీద అదే పేరు వేసుకున్నారు. అలాంటి కత్తి మీద పేరు తప్పయినా కత్తి నిజంగా పాతదే కావచ్చు. కాబట్టి రాతని పక్కన పెట్టి ఉక్కుని చూద్దాం.

దొంగ కత్తి చేసేవాడి కష్టమంతా ఫోటోలో పడే చోట్లే ఉంటుంది: బంగారు పూలు, రాత, మఖ్‌మల్. ఫోటోలో పడని చోట చేయి ఆడదు, ఎందుకంటే అక్కడ పెట్టిన కూలి తిరిగి రాదు. నేను ముందు చూసేవి అవే: కత్తి వీపు (పదునుకి ఎదురుగా ఉండే మందపాటి అంచు), ఉక్కు పిడిలోకి దిగే సందు, పైబిళ్ల అడుగు, ఒర మూతి లోపల.

వీపుతో మొదలుపెడదాం. మీరు చెప్పిన అలల్ని మా పనిలో జౌహర్ అంటాం. పాత మూస ఉక్కులో, అంటే మట్టి మూసలో పెట్టి కరిగించి తీసిన ఉక్కులో, కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. ముద్ద నెమ్మదిగా చల్లారి, తర్వాత తక్కువ వేడిలో ఓపికగా సాగగొడితే, గట్టి కార్బైడు రేణువులు వరసలు కట్టి తెల్లటి చారలుగా తేలతాయి. ఆ చారలు ఉక్కు ఒంట్లోవి. అందుకే కత్తి పక్కల మీద ఎలా ఉంటాయో వీపు మీదా అలాగే ఉంటాయి, మరిగిన పాల మీద మీగడ ముడతల్లా, ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండవు.

ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్ముతున్నది ఎక్కువగా వేరే సరుకు. రెండు రకాల ఉక్కు రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి, కాల్చి అతికించి, మెలిపెట్టి, చారలు తేలడానికి ఫెర్రిక్ క్లోరైడ్ అనే లోహాన్ని తినే ద్రావణంలో ముంచుతారు. పాకిస్తాన్‌లోని వజీరాబాద్‌లో ఈ పని పెద్ద పరిశ్రమ. కత్తిగా అది మంచిదే కావచ్చు, కానీ నిన్నటిది. దాని వీపు చూస్తే పొరలు పొడుగునా గీతలుగా బయటపడతాయి, చారలు కూడా ఒకే కొలతలో మళ్లీ మళ్లీ వస్తాయి. ఇంతకంటే నాసిరకం ఇంకోటుంది. మామూలు ఉక్కు మీద లక్కతోనో వార్నిష్‌తోనో చారలు గీసి, మిగిలిన చోటు యాసిడ్‌తో తినిపిస్తారు. దాన్ని పట్టుకోవడం తేలిక. తుప్పు గుంట ఉన్న చోట భూతద్దం పెట్టండి. అసలు జౌహర్ గుంట చుట్టూ కూడా సాగుతుంది. గీసిన చారలు గుంట దగ్గర తెగిపోతాయి, పిడి మూలల్లో అసలే ఉండవు.

ఇక పిడి. పాత తల్వార్‌లో ఉక్కు తోక పిడి లోపలికి కొద్ది దూరమే వెళ్తుంది. పిడి నిండా కరిగిన లక్క పోసి, తోక వేడిచేసి దింపుతారు. అందుకే పాతవాటిలో పిడి కొంచెం కదలడం, సందులో గోధుమ రంగు లక్క పెచ్చులు కనిపించడం మామూలు. కొత్తవాటిలో వెల్డింగ్ బుడిపె కనిపిస్తుంది, లేదా పైబిళ్ల మీద నట్టు, లేదా ఎం-సీల్ లాంటి బూడిద ముద్ద. ఆ ముద్ద ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. అసలు పాత కత్తికి కూడా ఎవరో ఇంట్లో అలా అతికించి ఉండొచ్చు, అలాంటివి నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. వెల్డింగ్, నట్టు కనిపిస్తే మాత్రం నేను ఇంకేమీ చూడను.

బంగారు పని గురించి ఒక్క మాట. దాన్ని కోఫ్త్‌గరీ అంటారు. ఇనుము మీద సన్నగా అడ్డం నిలువు గాట్లు పెట్టి, ఆ గరుకులో బంగారు తీగ సుత్తితో కొట్టి ఎక్కిస్తారు. బంగారం అరిగిన చోట కింద ఆ గాట్లు బయటపడాలి. పెయింట్ అయితే పూల అంచుల్లో చిక్కగా పేరుకుని ఉంటుంది, ఊడిన చోట ఇనుము నున్నగా కనిపిస్తుంది. అలాగని గాట్లు ఉంటే చాలు పాతదని కాదు. ఉదయ్‌పూర్‌లో ఈ పని ఇప్పటికీ అద్భుతంగా చేస్తున్నారు.

అమ్మే ఆయన్ని ఈ ఫోటోలు అడగండి: వీపు పిడి నుంచి మొన దాకా, సందు దగ్గరగా, పైబిళ్ల కింది నుంచి, ఒర మూతి లోపల. ఒర తీసేసి తక్కెడ మీద పెట్టి తూకం చూపించమనండి. వెర్నియర్‌తో వీపు మందం పిడి దగ్గర, మధ్యలో, మొనకి జానెడు ముందు కొలవమనండి. పాత తల్వార్ కిలోకి కాస్త అటూ ఇటూ తూగుతుంది. మందం పిడి దగ్గర ఎక్కువగా ఉండి మొన వైపు తగ్గుతూ పోతుంది, చేతిలో తేలిగ్గా ఆడేది అందుకే. పట్టీ కోసి గ్రైండర్ పట్టినదాంట్లో మందం మొదలు నుంచి చివరిదాకా దాదాపు ఒకటే.

కోనసముద్రం పేరు విషయానికొస్తే, నాకు బాధ కలిగించేది ఇదే. కోనసముద్రం గొప్పతనం ఉక్కు ముద్దల్లో ఉంది. గోల్కొండ రాజ్యపు ఉక్కుతోనే ఆ అలల కత్తులు వస్తాయని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు, యాత్రికుడు తావెర్నియే రాశాడు. 19వ శతాబ్దం మొదట్లో కూడా ఇరాన్ వర్తకులు కోనసముద్రం వచ్చి, కొలిమి దగ్గర కూర్చుని ముద్దలు ఏరుకుని కొనుక్కుపోయేవాళ్లు. ఆ ముద్ద ఇస్ఫహాన్‌లో కత్తయితే అది ఇస్ఫహాన్ కత్తే. తయారైన కత్తిని కంటితో చూసి, ఇది ఫలానా ఊరి మూసలో కరిగిన ఉక్కు అని చెప్పగలిగే మనిషి లేడు. ఆ ఊరి పేరుతో సర్టిఫికెట్ ఇస్తానంటే, ఎవరిచ్చారు, ఏం పరీక్ష చేసి ఇచ్చారు అని అడగండి.

ఆర్మూర్_బిడ్డ:

పాతఇనుము అన్నా, మాస్టారూ, చాలా చాలా థాంక్స్. మీరు చెప్పినవన్నీ అడిగాను. మొదట "నమ్మకం లేకపోతే వదిలేయండి మేడమ్" అన్నాడు. గట్టిగా అడిగితే మూడు ఫోటోలు పంపాడు.

ఒకటి తక్కెడ మీద: 1 కిలో 640 గ్రాములు, ఒర లేకుండా. రెండోది సందు దగ్గర. అక్కడ నల్లటి రంగు వేసి ఉంది, రంగు కింద పూసల్లా చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తున్నాయి. మూడోది వీపు. మధ్యలో ఒక జానెడు మేరే తీశాడు. దాని మీద సన్నటి గీతలు ఒకదానికొకటి సమానంగా, అడ్డంగా ఉన్నాయి. అక్కడక్కడ నారింజ రంగు తుప్పు. వెర్నియర్ లేదన్నాడు. ఒర లోపలి ఫోటో పంపలేదు. ధర మాత్రం 1,20,000కి దించాడు.

పాతఇనుము:

ఆ మూడు ఫోటోలు చాలమ్మా.

నల్ల రంగు కింది పూసలు వెల్డింగ్‌వి. కప్పడానికే ఆ రంగు. వీపు మీద అడ్డంగా ఉన్న గీతలు గ్రైండర్ రాయి వదిలినవి. పక్కల మీద అంత జౌహర్ ఉన్నప్పుడు వీపు మీద ఒక్క అల కూడా లేదంటే, పక్కల మీదున్నది యాసిడ్‌తో తినిపించిన బొమ్మ. తూకం సంగతి సరేసరి.

తుప్పు రంగు కూడా చూడండి. పాత ఇనుము మీద తుప్పు ముదురు గోధుమ నుంచి నలుపులోకి దిగి, ఉక్కుని పట్టుకుని గట్టిగా ఉంటుంది. వేలితో రుద్దితే రాదు. ఉప్పునీళ్లూ యాసిడూ చల్లి కొన్నాళ్లు మట్టిలో పెడితే వచ్చేదే ఈ నారింజ పొడి. గ్రైండర్ గీతలు ఆ తుప్పు కింద ఇంకా పదునుగానే ఉన్నాయి చూశారా? నిజంగా ఏళ్ల తుప్పయితే ముందు వాటినే తినేసేది. ఆ గీతల పక్కన ఆ తుప్పుని చూస్తే చాలు, ఇది ఈ మధ్య చేసిందని నేను రాసిస్తాను.

కత్తిగా దీని విలువ గోడకి తగిలించుకునే అలంకారం విలువే. అలంకారమని చెప్పి ఆ ధరకే అమ్మితే తప్పు పట్టేదేమీ ఉండదు. రాజస్థాన్‌లో ఇలాంటివి పెళ్లిళ్లకి ఎన్నో చేస్తారు, చేసేవాళ్లు కష్టజీవులు. పాపం చేసేది మధ్యలో ముత్తాత కథ అల్లినవాడు.

నాణేల_పెట్టె:

నేను నాణేల వాడిని, కత్తులు తెలియవు. కానీ తేదీ, పేరు ఒకదానికొకటి పొసగకపోవడం మా దగ్గర కూడా రోజూ చూస్తాం, అందుకే రాస్తున్నా.

సీతారాముల దర్బారు బొమ్మతో "ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818, ఒక అణా" అని ఉండే నాణేలు లక్షలకి పెడుతుంటారు. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. రామటంకాలనేవి భక్తులు పూజలో పెట్టుకునే బిళ్లలు, వాటి గౌరవం వాటిది. వాటి మీద కంపెనీ పేరు అచ్చు వేయడంతోనే మోసం మొదలవుతుంది. మన మద్రాసు ప్రెసిడెన్సీలో చెల్లిన అసలు కంపెనీ రాగి నాణెం కావాలంటే 1808 నాటి 20 కాసుల బిళ్ల చూడండి. ఒకవైపు కంపెనీ చిహ్నం, రెండోవైపు పర్షియన్ రాత. ఇంగ్లండ్‌లో అచ్చువేసి పంపిన వాటిలో కొన్ని అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడతో పాటు 1809లో అక్కడి సముద్రంలోనే మునిగాయి. తర్వాత బయటికి తీసినవి ఇప్పుడు అందుబాటు ధరకే దొరుకుతాయి.

ఇత్తడి సామాన్లలో ఎక్కువ కనిపించేది "కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917" అని చెక్కిన సెక్స్‌టెంట్లు (ఓడ ఎక్కడుందో తెలుసుకోవడానికి నావికులు వాడే కోణమాపకాలు), దిక్సూచులు. ఆ రెండు కంపెనీలు కలిసి ఆ పేరు పెట్టుకున్నదే 1940లలో. తుపాకుల్లోనూ ఇంతే. పాకిస్తాన్ సరిహద్దులోని ఖైబర్ వైపు చేసిన మార్టినీ-హెన్రీ అనే బ్రిటిష్ తుపాకీ నకళ్ల మీద ఇంగ్లీషు అక్షరాలు తిరగబడి ఉంటాయి, విక్టోరియా ముద్ర కింద ఆమె చనిపోయిన 1901 తర్వాతి సంవత్సరం ఉంటుంది. కొనేముందు ఆ పేరు ఎప్పుడు పుట్టింది, ఆ రాజు ఎప్పుడు పోయాడు అన్నవి వెతకడానికి పది నిమిషాలు చాలు. నేను చూసిన నకళ్లలో సగానికి పైగా అక్కడే తేలిపోతాయి.

వకీల్_కరీంనగర్:

చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కింద లెక్క. దాన్ని వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్స్ ఉండాలి. కాబట్టి "250 ఏళ్లది" అనే వ్యాపారిని ముందు లైసెన్స్ నంబర్ అడగండి. పాతదైతే లైసెన్స్ చూపించాలి, లేదంటే పాతది కాదని ఒప్పుకోవాలి. ఈ ఒక్క ప్రశ్నకే చాలామంది ఫోన్ పెట్టేస్తారు. నిజంగా పాతదైతే దేశం దాటించడానికి కూడా వీల్లేదు. మీ తమ్ముడు డాలస్ తీసుకెళ్దామనుకుంటే ఆ ఆలోచన మానుకోమనండి, అది జైలు శిక్ష పడే నేరం.

ఇంకోటి, కత్తి కొత్తదైనా పాతదైనా ఆయుధాల చట్టం ఉంది. 2016 నిబంధనల్లో తొమ్మిది అంగుళాలకి మించిన కత్తుల్ని పదునైన మారణాయుధాల వర్గంలో చేర్చారు. మీ ప్రాంతంలో లైసెన్స్ అవసరమా కాదా అన్నది కొనకముందే స్టేషన్‌లో కనుక్కోండి. ఎవరైనా ఇప్పటికే అడ్వాన్స్ పంపి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెప్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఆర్మూర్_బిడ్డ:

లైసెన్స్ నంబర్ అడిగానండీ. నన్ను బ్లాక్ చేశాడు. ప్రకటన మాత్రం ఇంకా అలాగే ఉంది, సైట్ వాళ్లకి ఫోటోలతో సహా ఫిర్యాదు పెట్టాను.

తమ్ముడితో మాట్లాడాను. కత్తి ఆలోచన మానేశాం. కానీ నాన్నకి ఆ ఉక్కుకి సంబంధించిందే ఏదైనా చేయాలని ఉంది. పాతఇనుము అన్నా, మీకేమైనా తోస్తే చెప్పండి.

పాతఇనుము:

మంచి పని చేశారమ్మా. ఆ ఫిర్యాదు వల్ల ఇంకొకరి డబ్బులు మిగులుతాయి.

నాన్నగారిని కోనసముద్రం తీసుకెళ్లండి. ఆయన ఎన్నిసార్లు వెళ్లి ఉన్నా సరే, ఈసారి తమ్ముణ్ణి కూడా వెంటపెట్టుకుని వెళ్లండి. 2010లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లూ బెంగళూరులోని నియాస్ అనే పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి, ఇనుము, మూస ఉక్కు తయారైన చోట్లు చాలా నమోదు చేశారు. చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి) కుప్పలు, పగిలిన మూసల పెంకులు ఆ వైపు నేల మీద కనిపిస్తాయి. మూస పెంకు లోపలివైపు గాజులా మెరుస్తుంది, కరిగిన ఉక్కు తాకిన గీత కూడా కొన్నింటి మీద తెలుస్తుంది. చూడండి, ఫోటో తీసుకోండి, అక్కడే వదిలేయండి. వాటి మీద చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది.

తర్వాత హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీకి తీసుకెళ్లండి. అద్దం ముందు నేరుగా నిలబడితే జౌహర్ సరిగా కనపడదు. దీపం వెలుగు ఉక్కు మీద పక్కగా పడేలా మోకాళ్లు కొంచెం వంచి, తల అటూ ఇటూ కదుపుతూ చూడండి. ఆ అలలు కదులుతాయి. వీపు కనిపించేలా పెట్టిన కత్తి ఏదైనా ఉంటే దాని దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఒకసారి అసలుది అలా చూసిన కంటికి మళ్లీ ఏ ప్రకటన వచ్చినా తేడా తెలిసిపోతుంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో కూడా ఆయుధాలున్నాయి, అదే రోజు చూసేయొచ్చు.

సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. అది చూసుకుని టికెట్లు పెట్టుకోండి.